పాప మళ్ళీ బడికి వెళ్తోందని విన్నాను

చిట్టీ,

వచ్చే నెల నుంచి పాపను బడికి పంపిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆరు నెలల కిందట నీ కాలేయంలో ముక్క తీయించి కూతురికి ఇచ్చుకున్నావు. ఇవాళ దాని పుస్తకాలకు అట్టలు వేస్తున్నావంటే ఎంత గర్వంగా ఉందో! భయమూ వేసింది. ఇరవై మూడేళ్ళ కిందట మా వాడికి, అదే మీ తమ్ముడికి, నా కాలేయంలో ముక్క ఇచ్చాక వాడి పుస్తకాలకు నేనూ ఇలాగే అట్టలు వేశాను. అట్టల మీద పెట్టిన శ్రద్ధ వాడి మనసు మీద పెట్టలేదు.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. టాక్రోలిమస్, అదే కొత్త కాలేయాన్ని ఒళ్ళు తిప్పికొట్టకుండా ఆపే మందు, పన్నెండు గంటలకోసారి గడియారం చూసి వెయ్యి. రక్తపరీక్ష రోజు పొద్దుటి మోతాదు రక్తం తీశాకే. టీకా అయినా, జలుబు మందైనా, ఆకు పసరైనా ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ని అడక్కుండా వద్దు. జ్వరం వస్తే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ఇవన్నీ నువ్వు నాకంటే బాగా చేస్తావు.

మనసు సంగతి మాకు ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. వాళ్ళను తప్పుపట్టను. 1963లో డాక్టర్ థామస్ స్టార్జల్ మొదటిసారి మనిషికి కాలేయం మార్చినప్పుడు ఆ పిల్లవాడికి మూడేళ్ళు. దక్కలేదు. 1967లో ఒక పసిపాప ఏడాది పైన బతికితే అదే గొప్ప అనుకున్నారు. అమ్మానాన్నల కాలేయంలో ముక్క తీసి బిడ్డకు పెట్టి బతికించడం 1989 దాకా కుదరలేదు. ప్రాణం నిలిస్తే చాలునని అంతమంది అన్నేళ్ళు కష్టపడ్డారు. మేమూ ప్రాణం నిలిచింది కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

మీ తమ్ముడికి పద్నాలుగేళ్ళప్పుడు రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు పెరిగాయి, రక్తంలో మందు లెవెల్ పడిపోయింది. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా అమ్మా?" అని డాక్టరు అడిగితే నాకు కోపం వచ్చింది. నా బిడ్డ గురించి నన్ను అడుగుతాడా అని! ఇంటికొచ్చి వాడి సొరుగు లాగాను. జామెట్రీ బాక్సు వెనకాల నోటుపుస్తకం కాగితంలో పొట్లం కట్టి పదకొండు గొట్టం మాత్రలు. జేబులో చెమటకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

అప్పుడు అన్నాను చిట్టీ. "నా కడుపు కోయించుకుని ఇచ్చింది ఇందుకేనా? నాదేదో నాకు తిరిగిచ్చెయ్యి" అన్నాను.

వాడు ఏడవలేదు. ఎదురు మాట్లాడలేదు. నా పొట్ట వంక చూసి తల దించుకున్నాడు.

రిజెక్షన్ మొదలైందన్నారు, అంటే ఒళ్ళు ఆ కాలేయాన్ని తిప్పికొడుతోందని. వారం ఆసుపత్రిలో ఉండి, మందు పెంచాక సర్దుకుంది. ఆ తర్వాత వాడంత బుద్ధిమంతుడు ఇంకెక్కడా ఉండడు. అలారం మోగకముందే మాత్ర చేతిలో ఉండేది. నేను బకెట్ ఎత్తబోతే పరుగెత్తుకొచ్చి లాక్కునేవాడు. నా కాలేయం ఎప్పుడో పెరిగి సరిపోయింది, నాకే ఇబ్బందీ లేదు, అయినా ఎత్తనిచ్చేవాడు కాదు. బాధ్యత తెలిసొచ్చిందని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

అది జరిగిన రెండేళ్ళకు వాడికి ఓసారి జ్వరమొచ్చింది. రెండు రోజులు నా దగ్గర దాచాడు. మూడో రోజు వణుకుతూ వెళ్ళి వాళ్ళ నాన్నకు చెప్పాడు, "అమ్మకు చెప్పకు, ఆవిడది పాడుచేశానని అనుకుంటుంది" అని.

ఆవిడది, అన్నాడు. వాడి ఒంట్లో పదేళ్ళుగా పనిచేస్తున్న కాలేయం వాడి దృష్టిలో ఇంకా నాదే. తన ఒళ్ళు తనది కాదనుకుంటూ ఆ పిల్లాడు ఎలా పెరిగాడో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. బకెట్ లాక్కున్నది బాధ్యత కాదే తల్లీ, బాకీ తీర్చుకుంటున్నాడు.

మాత్రలు ఎందుకు మానేశావని నేను అడిగింది వాడికి ఇరవై దాటాక. రాత్రి మోతాదు సరిగ్గా స్నేహితులతో ఆడుకునే వేళకు పడేదట. అలారం మోగితే అందరూ ఇటు తిరిగి చూసేవారట. అంతే. ఆ వేళ గంట ముందుకో వెనక్కో జరపొచ్చా అని డాక్టర్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ రోజు నేను అడిగింది ఎందుకు అని కాదు, ఎంత ధైర్యం అని.

అందుకే చెప్తున్నా, "అమ్మ నీకు ఇచ్చింది" అనే మాట మీ ఇంట్లో వినపడకూడదు. చుట్టాలు ముద్దుకు అన్నా సరే, నువ్వే అడ్డుపడు. "అది దానిదే" అను. అల్లుడికీ చెప్పు. ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. మొన్న నాతో ఫోన్లో మాట్లాడుతూ పాప పక్కనుండగానే "లెవెల్ తగ్గింది, నాకు గుండె ఆగినంత పనైంది" అన్నావు. అది బొమ్మలతో ఆడుకుంటోంది అనుకున్నావు. పిల్లలు విననట్టు ఉండి అన్నీ వింటారు. నీ భయం నాతో చెప్పుకో, అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి. దాని ముందు మాత్రం వద్దు.

సూది వేస్తే ఏడవడం లేదని, బంగారుతల్లి అని అందరూ మెచ్చుకుంటున్నారట. నాకు ఆ మెప్పే భయం. ఏడిస్తే ఏడవనీ. నువ్వు పంపిన వీడియోలో బొమ్మకు సూది గుచ్చి, పొట్టకు కట్టు కడుతోంది చూడు, "ఛ, అలాంటి ఆట వద్దు" అన్నావు. ఆడనివ్వమ్మా. ఆ ఆటలో అయినా సూది దాని చేతిలో ఉంటుంది.

స్టెరాయిడ్ వల్ల మొహం ఉబ్బింది, కోపం ఎక్కువైంది అన్నావు కదా, మోతాదు తగ్గేకొద్దీ చాలావరకు తగ్గుతాయి. కానీ నిద్రలో కేకలు వేస్తున్నా, పక్క తడుపుతున్నా, బడికి బయల్దేరే వేళకే కడుపునొప్పి అంటున్నా మొండితనమని కొట్టిపారెయ్యకు. ముందు డాక్టరుకు చూపించు, నొప్పి నిజమో భయమో మనంతట మనం తేల్చకూడదు. ఒంట్లో ఏమీ లేదంటే పిల్లల సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళు. మేము పరువు చూసుకుని వెళ్ళలేదు. మీరు వెళ్ళండి.

బడిలో క్లాస్ టీచరుకు చెప్తే చాలు. పాప మచ్చ గురించి ఎవరైనా అడిగితే చెప్పాలో వద్దో దాని ఇష్టం. చెప్పాలనుకుంటే ఒక్క ముక్క నేర్పు: "నా కాలేయం పాడైతే మార్చారు, ఇప్పుడు బాగుంది." ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనిపించు. ఆటలు ఏవి ఆడొచ్చో డాక్టర్ని అడిగి, ఆడొచ్చన్నవన్నీ ఆడనివ్వు. నీ పెద్దబ్బాయిని కూడా మర్చిపోకు. ఆరు నెలలుగా వాడు ఏమీ అడగడం లేదంటే వాడికి ఏమీ అక్కర్లేదని కాదు. వారంలో ఒక పూట వాడొక్కడితోనే గడుపు.

మీ తమ్ముడికి ఈ ఉత్తరం చదివి వినిపించాను. జామెట్రీ బాక్సు సంగతి రాయనా అంటే, "రాయమ్మా, అక్కకు పనికొస్తుంది" అన్నాడు. ఆ రోజు అన్న మాటకు వాడిని క్షమాపణ అడిగి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు ఒంట్లో నలతగా ఉంటే ముందు నాకే చెప్తున్నాడు.

బడి మొదటిరోజు సాయంత్రం పాప చేత ఫోన్ చేయించు. మాత్ర వేసుకుందా అని అడగను. పక్కన ఎవరు కూర్చున్నారో అడుగుతాను.

మీ పెద్దమ్మ