పాత కోడు సరిచేసే ఇంటర్న్‌షిప్: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణంలో పద్దులు రాస్తాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం పరీక్షలు రాసింది. విజయవాడలోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇస్తామంది. కొత్త యాప్‌లు తయారుచేసే పని కాదట. ఎప్పుడో రాసిన కోడును సోనార్‌క్యూబ్ వంటి టూల్స్‌తో పరీక్షించి, అవి చూపిన లోపాలను సరిచేయాలట. ‘అది ఊడ్చే పని, రెజ్యూమెలో రాసుకోవడానికి కూడా పనికిరాదు’ అని తోటి పిల్లలు అంటున్నారు. ఇలాంటి పనులు ఇకమీదట ఏఐ చేసేస్తుందని మా బంధువొకరు చెప్పారు. అమ్మాయికి మాత్రం ఇష్టంగానే ఉంది. సోమవారంలోగా మాట చెప్పమన్నారు. పంపమంటారా?

జవాబు: పంపండి. అయితే మాట ఇచ్చే ముందు సంస్థను ఒక్క సంగతి అడగాలి. కోడును మార్చే పని అమ్మాయి చేతికి ఇస్తారా, లేక టూలు నడిపి రిపోర్టు తీసి ఇంకొకరికి పంపించడమేనా? మొదటిదైతే ఆ ఆరు నెలలు ఆమెకు చాలా మేలు చేస్తాయి. రెండోదైతే వద్దనండి. ఎందుకో వివరంగా చెబుతాను.

మీరు పద్దులు రాసేవారు కాబట్టి ఈ పని విలువ మీకు చెప్పడం తేలిక. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, సరుకు తేజ రకమా 334 రకమా, తాలు ఎంత పోయింది, ముందు తీసుకున్న అడ్వాన్సు ఎంత, హమాలీ ఎంత అన్నవన్నీ మీ పుస్తకంలో ఉంటాయి. ఆ లెక్క సరిపోతే చాలదు. మీరు పెళ్లికి వెళ్లి నాలుగు రోజులు దుకాణానికి రాకపోతే, మీ స్థానంలో కూర్చున్న మనిషి ఆ పుస్తకం తెరిచి రైతుకు ఇవ్వవలసింది ఎంతో తేల్చగలగాలి. కొట్టివేతలు, అంచుల్లో గుర్తులు, మీకొక్కరికే తెలిసిన పొడి అక్షరాలు నిండి ఉంటే మొత్తం పైసాతో సహా సరిపోయినా ఆ పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. కోడులో ఈ గుణాన్నే మెయింటెయినబిలిటీ అంటారు. ఇవాళ నడుస్తున్న కోడును రేపు మరొకరు చదివి, అర్థం చేసుకుని, ఉన్నదాన్ని చెడగొట్టకుండా మార్చగలగాలి.

మార్చవలసిన అవసరం ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు దేశమంతటా బిల్లింగు ప్రోగ్రాములు మార్చుకోవలసి వచ్చింది. మీ దుకాణంలో కంప్యూటర్ ఉంటే ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. వాడుకలో ఉన్న ప్రోగ్రామును మార్చకపోతే క్రమంగా పనికిరాకుండా పోతుందనీ, మారుస్తూ పోతే మాత్రం, ప్రత్యేకించి శ్రమ పెట్టకపోతే, దానిలో చిక్కు పెరుగుతూనే ఉంటుందనీ మ్యానీ లేమన్ అనే సాఫ్ట్‌వేర్ పరిశోధకుడు 1970లలోనే చెప్పారు. 1992లో వార్డ్ కనింగ్‌హామ్ అనే ప్రోగ్రామర్ దీన్ని అప్పుతో పోల్చారు. తొందరలో రాసిన కోడు అప్పు తెచ్చుకోవడం వంటిదట. త్వరగా సరిదిద్దుకుంటే అప్పు పనికొస్తుంది. సరిదిద్దకుండా ఆ కోడుతో కుస్తీ పట్టిన ప్రతి నిమిషమూ వడ్డీ కట్టినట్టే. ఆయన అప్పట్లో పెట్టుబడుల లెక్కల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవారు, అందుకే ఆ పోలిక తట్టింది. సీజను ముందు అడ్వాన్సు తీసుకుని ఏళ్ల తరబడి బాకీ తీరని రైతులను దగ్గరగా చూసిన మీకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

‘ఊడ్చే పని’ అన్న మాట అమ్మాయిని నొప్పించి ఉంటుంది. ఆమెకు ఈ సంగతి చెప్పండి. కోడును నడపకుండానే చదివి, అనుమానం ఉన్నచోట వేలు పెట్టి చూపించే తొలితరం టూల్స్‌లో ఒకటి 1978లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో పుట్టింది. స్టీఫెన్ జాన్సన్ రాసిన దాని పేరు లింట్. లింట్ అంటే బట్టకు అంటుకున్న పీచు. పీచు దులపడం గౌరవం తక్కువ పని అని ఆయన అనుకోలేదు. ఇప్పుడు జావాస్క్రిప్టు రాసేవారికి ఈఎస్‌లింట్, పైథాన్ రాసేవారికి పైలింట్ నిత్యం కావాలి. ఆ పేర్లలో లింట్ ఇంకా అలాగే ఉంది.

ఇక అసలు కొలత ఎలా జరుగుతుందో చూద్దాం. ఇది కొంచెం ఓపికగా చదవండి, అమ్మాయి రేపు చేయబోయేది ఇదే. కాయను గుప్పిట్లోకి తీసుకుని తేమ ఎంతో చెప్పగల అనుభవజ్ఞులు మీ యార్డులో ఉంటారు. వేల టిక్కీలు దిగిన రోజున ఆ చెయ్యి ఒక్కటే సరిపోదు, మీటరు కావాలి. లక్షల వరసల కోడు ఉన్న సంస్థ పరిస్థితీ అంతే.

ఎక్కువ మంది వాడే మీటరు థామస్ మెకేబ్ 1976లో ప్రతిపాదించింది. దాన్ని సైక్లొమాటిక్ కాంప్లెక్సిటీ అంటారు. పేరు భయపెడుతుంది గాని లెక్క తేలిక. ప్రోగ్రాములో ఒక పని చేసే ముక్కను ఫంక్షన్ అంటారు. ఒక ఫంక్షన్ రైతుకు ఇవ్వవలసిన సొమ్ము లెక్కకడుతుందనుకోండి. తేమ ఎక్కువైతే ధర తగ్గించాలి, తాలు ఉంటే మరికొంత తగ్గించాలి, అడ్వాన్సు బాకీ ఉంటే మినహాయించాలి. మూడు ‘అయితే’లు ఉన్నాయి కదా, దానికి ఒకటి కలపండి, నాలుగు. ఆ ఫంక్షన్‌ను నమ్మకంగా పరీక్షించాలంటే ఎన్ని దారుల్లో నడిచి చూడాలో ఈ సంఖ్య స్థూలంగా చెబుతుంది. పది దాటితే ఆగి చూసుకోమని మెకేబ్ సూచించారు. పైథాన్ కోడుకు రాడాన్ అనే ఉచిత టూలు ఈ సంఖ్యను బట్టి గ్రేడు ఇస్తుంది. 5 వరకు అన్నిటికంటే మంచిదైన ‘ఏ’ (A) గ్రేడు, 41 నుంచి అన్నిటికంటే తక్కువదైన ‘ఎఫ్’ (F).

ఈ మీటరుకు ఒక లోటు ఉంది. ఆ మూడు ‘అయితే’లు ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఉన్నా, ఒకదాని కడుపులో మరొకటి ఉన్నా మెకేబ్ లెక్క నాలుగే వస్తుంది. చదివే మనిషికి ఆ రెండూ ఒకటి కావు. తేమ ఎక్కువై, అందులో తాలు ఉండి, అందులోనూ బాకీ ఉంటే అన్న మూడో పొరకు చేరేసరికి మొదటి రెండు షరతులనూ మనసులో మోస్తూ ఉండాలి. ఆ మోత బరువును కొలవడానికి సోనార్‌క్యూబ్ తయారుచేసిన సంస్థ కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ అనే మరో లెక్క తెచ్చింది. వరసగా ఉన్న మూడింటికి అది మూడే వేస్తుంది. పొరలు పొరలుగా ఉంటే ఒకటి, రెండు, మూడు చొప్పున మొత్తం ఆరు వేస్తుంది. ఒక ఫంక్షన్ 15 దాటితే సోనార్‌క్యూబ్ సాధారణంగా అభ్యంతరం చెబుతుంది. నాకు ఈ లెక్క మీద గురి ఎక్కువ, ఎందుకంటే ఇది మనిషి చదివే కష్టాన్ని లెక్కలోకి తెచ్చింది.

మెయింటెయినబిలిటీ ఇండెక్స్ అని ఇంకొకటి వినబడుతుంది. 1992లో ఒమన్, హేగ్‌మైస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు కోడు పొడవు, మెకేబ్ సంఖ్య, కోడులోని గుర్తులనూ పేర్లనూ లెక్కపెట్టే హాల్‌స్టెడ్ లెక్క కలిపి ఒకే సూత్రంగా కట్టారు. కోడు రాయడానికి వాడే మైక్రోసాఫ్ట్ వారి విజువల్ స్టూడియో దాన్ని 0 నుంచి 100 వరకు చూపిస్తుంది. 20, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 10 కంటే తగ్గితే ఎరుపు. దీన్ని అమ్మాయి తెలుసుకుంటే చాలు, నమ్ముకోవద్దు. తేమ, రంగు, తూకం మూడూ కలిపి ఒకే మార్కు వేస్తే ఆ సరుకులో లోపం ఎక్కడుందో మీకు తెలుస్తుందా?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. ఈ సలహాల పనిలోకి రాకముందు నేను పదకొండేళ్లు ప్రోగ్రాములు రాశాను. ఒక సంస్థలో ఉన్నప్పుడు, ఫలానా తేదీలోగా ప్రతి ఫంక్షన్‌కూ మెకేబ్ సంఖ్య పది లోపు ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. డిస్కౌంటు లెక్కకట్టే పెద్ద ఫంక్షన్ ఒకటి ఉండేది. గడువు దగ్గరపడటంతో దాన్ని అర్థం చూడకుండా పొడవు చూసి ఏడు ముక్కలు చేశారు. ఒకటో భాగం, రెండో భాగం అని పేర్లు పెట్టారు. రిపోర్టు అంతా ఆకుపచ్చగా మారింది. మరుసటి నెలలో డిస్కౌంటు నియమం ఒకటి మార్చవలసి వచ్చి, అది ఏ ముక్కలో ఉందో వెతకడానికి ఇద్దరం రెండు రోజులు కూర్చున్నాం. మునుపు ఒక్క ఫైలు పైనుంచి కిందికి చదివితే దొరికేది. అప్పుడు పడ్డ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. సంఖ్య తగ్గింది, కోడు మునుపటికంటే చెడిపోయింది. దాన్ని ఎవరికి చెప్పినా రిపోర్టు బాగానే ఉంది కదా అనేవారు.

అందుకే అమ్మాయి ఆ ఆరు నెలల్లో మనసు పెట్టి నేర్చుకోవలసింది సంఖ్య వెనకాల ఉన్న చదువు. టూలు వెయ్యి ఫిర్యాదులు చూపించవచ్చు. అన్నీ సరిచేయాలని కూర్చుంటే జీవితం చాలదు, అవసరమూ లేదు. చిక్కుగా ఉన్నా ఐదేళ్లుగా ఎవరూ ముట్టని ఫైలు జోలికి పోనక్కరలేదు. కోడులో ఎప్పుడు ఏం మారిందో దాచి ఉంచే గిట్ అనే టూలులోని చరిత్ర తీసి, గత ఏడాదిలో మాటిమాటికీ మారిన ఫైళ్ల జాబితా రాసుకోవాలి. చిక్కు ఎక్కువగా ఉన్న ఫైళ్ల జాబితా పక్కన పెట్టాలి. రెండింటిలోనూ కనబడే పేర్లు కొన్నే ఉంటాయి. వడ్డీ ఎక్కువగా పెరుగుతున్న బాకీ అక్కడుంది.

అటువంటి ఫైలును ముట్టుకునే ముందు, ఇప్పుడది ఏ ఇన్‌పుట్‌కు ఏ ఫలితం ఇస్తోందో పట్టుకునే టెస్టులు, అంటే కోడును తనిఖీ చేసే చిన్న ప్రోగ్రాములు, రాయాలి. తప్పు ఫలితం ఇస్తున్నా అదే రాయాలి, దాన్ని సరిచేసే సంగతి తర్వాత. టెస్టులు నిలబడ్డాక చిన్న చిన్న మార్పులు చేయాలి. అర్థంకాని పేరు మార్చడం, రెండుచోట్ల ఉన్న నకలును ఒకచోటికి తేవడం, ఒక సంపూర్ణమైన అర్థం ఉన్న భాగాన్ని విడదీసి దానికి సరైన పేరు పెట్టడం వంటివి. ప్రతి మార్పు తర్వాతా టెస్టులు నడపాలి. ఈ అలవాటు పట్టుబడిన ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఏ బృందమూ వదులుకోదు. కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది నేర్చుకునే వీలు లేదు. అక్కడ కోడు వైవా రోజు వరకే బతుకుతుంది.

పాత గుట్టను చూసి బెదిరిపోకుండా సోనార్‌క్యూబ్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. దానితోపాటు వచ్చే నియమావళి కొత్తగా రాసిన, మార్చిన కోడునే గట్టిగా పట్టుకుంటుంది. కొత్త కోడులో కనీసం 80 శాతాన్ని టెస్టులు నడిపి చూడాలి, నకలు వరసలు 3 శాతం మించకూడదు. పాత బాకీ ఒక్క రోజులో తీరకపోయినా కొత్త బాకీ పెరగదు, ముట్టుకున్నచోటల్లా కోడు మెరుగవుతుంది.

మీ బంధువు ఏఐ గురించి చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. రిపోర్టు తీయడం, వాడని వేరియబుల్ తొలగించడం, చిన్న ఫంక్షన్‌ను తిరగరాయడం ఇప్పటికే యంత్రాలు చేస్తున్నాయి. అది ఒక్కటే చేసే ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దనే నేను మొదట ఆ షరతు పెట్టాను. కాని అవే యంత్రాలు గంటల్లో వేల వరసల కొత్త కోడును కూడా కురిపిస్తున్నాయి. దాన్ని ఎవరో చదవాలి. ఇది మన వ్యాపార నియమానికి సరిపోతుందా, రేపు మార్చగలమా, ఎక్కడ విరుగుతుంది అని తేల్చే మనిషి కావాలి. ఆ చూపు పాత కోడులో చేతులు పెట్టి, ఒకటి మారిస్తే ఇంకొకటి ఎలా కూలుతుందో కళ్లారా చూసినవారికే వస్తుంది. కొత్త యాప్ ఒకటి కట్టి చూపిన తోటి పిల్లలకు ఆ అవకాశం ఇంకా రాలేదు, వారిని తప్పు పట్టనక్కరలేదు.

రెజ్యూమెలో ‘సోనార్‌క్యూబ్ తెలుసు’ అని రాస్తే నిజంగానే ఎవరూ ఆగి చూడరు. ఫలానా బిల్లింగు మాడ్యూల్‌లో ఏ ఫంక్షన్ ఎంత చిక్కుగా ఉండేదో, ఎన్ని టెస్టులు రాసి ఎలా విడదీసిందో, ఆ తర్వాత వచ్చిన మార్పు ఎంత తేలికగా జరిగిందో నాలుగు వాక్యాల్లో రాయమనండి. ఇంటర్వ్యూ చేసేవారు దాని మీదే అరగంట అడుగుతారు, ఆమె దగ్గర చెప్పడానికి ఉంటుంది. అందుకోసం మొదటి వారం నుంచే ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి. సంస్థ కోడు మాత్రం ఇంటికి తెచ్చుకోకూడదు, బయట ఎక్కడా పెట్టకూడదు.

సోమవారం లోపు ఫోను చేసినప్పుడు, మార్పులు చేసే పని ఇస్తారా అన్నదానితోపాటు ఆమె మార్చిన కోడును చదివి తప్పులు చెప్పే సీనియర్ ఎవరైనా ఉంటారా అని కూడా అడగమనండి. మీరు కాదు, అమ్మాయే మాట్లాడాలి. ఆఫీసు ఎక్కడో కనుక్కోండి. గుంటూరు నుంచి విజయవాడ బస్టాండుకు సుమారు 35 కిలోమీటర్లే కాబట్టి రోజూ వెళ్లిరావచ్చు. గన్నవరం దగ్గర కేసరపల్లి వైపైతే ఇంకా సుమారు 20 కిలోమీటర్లు పోవాలి. అప్పుడు విజయవాడలో హాస్టల్ చూడటం మేలు, ప్రయాణంలో అలసిపోయిన మనిషికి ఇంకొకరి కోడు ఎక్కదు.

ఒకవేళ రిపోర్టులు తీసే పనే అంటే మర్యాదగా కాదని చెప్పి, ఆ ఆరు నెలలూ ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో, అంటే ఎవరైనా చదివి మార్పులు సూచించగల కోడులో, చిన్న చిన్న మార్పులు పంపడం మొదలుపెట్టమనండి. అక్కడ ఆమె కోడును చదివి దిద్దేవారు దొరుకుతారు.

ఈ ఆదివారం ఇంట్లో ఒక పని చేయించండి. రెండో సంవత్సరంలో చేసిన మినీ ప్రాజెక్టు పైథాన్‌లో ఉంటే దాని మీద రాడాన్ నడిపి, అన్నిటికంటే తక్కువ గ్రేడు వచ్చిన ఫంక్షన్‌ను బయటికి తీయమనండి. ఆ ఫంక్షన్ ఏం చేస్తుందో మీకు తెలుగులో చెప్పమనండి. రైతుకు మీరు లెక్క వినిపించినట్టు ఆమె మీకు వినిపించగలిగే వరకు దాన్ని విడదీస్తూ, పేర్లు మారుస్తూ కూర్చోనివ్వండి. సాయంత్రానికి మళ్లీ రాడాన్ నడిపి, ఉదయం వచ్చిన సంఖ్య పక్కన కొత్త సంఖ్య రాసుకోమనండి.