గోకితేనే తెలుపు

చి. తమ్ముడికి,

కథ చదివాను. తల్లి పాత్ర బాగుంది. పోటీకి పంపొచ్చా అన్నావు, అది తర్వాత. రెండో పేజీలోనే ఆగిపోయాను: "కాగడా వెలుగులో గోడంతా వెండి తళతళ మెరిసింది."

నార్వేలోని కాంగ్స్‌బెర్గ్ గనిలోకి దిగినవాడికి వెండి అలా కనపడదయ్యా. దానికి గంధకం పడదు. తగిలితే పైపొర మసిబారుతుంది. బీరువాలో మరిచిపోయిన కుంకుమ భరిణె తీసి చూడు. మేకుతో గీస్తే, ఆ గీత ఒక్కటే తెల్లగా ఉంటుంది. 1623లో ఓ ఎద్దు కొమ్ముతో కొండను గోకితే వెండి బయటపడిందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. కట్టుకథే కావచ్చు, కట్టినవాడికి వెండి తెలుసు. నీకు తెలియదు.

తళతళలు నీ ఒక్కడి తప్పు కాదులే. వెండి పక్కన వెన్నెల లేకపోతే మన సంపాదకులకు ముద్ద దిగదు.

"వెండి రాయి పెళపెళ విరిగింది" అన్నావు. విరిగేది కాల్సైట్. కాంగ్స్‌బెర్గ్‌లో ఆ తెల్లరాతి చారల్లో వెండి తీగలుగా పెరుగుతుంది, పొట్టేలు కొమ్ములా మెలితిరిగి, ఒంటినిండా నిలువు గీతలతో. వెండికి పొరలుగా చీలే గుణం లేదు. వంగుతుంది, సాగుతుంది; తెగితే అంచు గరుకుగా వేలికి గుచ్చుకుంటుంది. సుత్తి దెబ్బకు రాయి పగిలినా ముక్కలు కింద పడవు, ఆ తీగలకే వేలాడతాయి. రాయవలసింది ఆ వేలాడే ముక్కను.

పిడికిలంత ముద్దను జేబులో వేసుకుని పరుగెత్తించావు. ఘన సెంటీమీటరుకు పదిన్నర గ్రాములు; పిడికిలంటే మూడు కిలోల దాకా తూగుతుంది. జేబు చిరగాలి. అంతకంటే తేలిగ్గా ఉండి, గీస్తే నల్లపొడి రాలి, దెబ్బకు చిన్న చిన్న ఘనాలుగా విడిపోతే అది గెలీనా, సీసపు ఖనిజం. మన రాజస్థాన్ వెండి అలాంటి సీసం, జింకు ఖనిజాల్లోనే దాగి ఉంటుంది, కంటికి ఆనదు.

చివర్లో కట్టెల మంట మీద కరిగించావు. 962 డిగ్రీలు కావాలి. కొలిమి, బొగ్గులు, తిత్తి లేనిదే పని జరగదు. పైగా కరిగిన వెండి తన పరిమాణానికి ఇరవై రెట్ల దాకా ఆక్సిజన్ పీల్చుకుంటుంది, గట్టిపడేటప్పుడు కక్కేస్తుంది. పైపొర చిట్లి చుక్కలు ఎగురుతాయి. మూసలో పైన గాలి తగలకుండా బొగ్గుపొడి కప్పలేదు, ముఖం వంచి చూస్తున్నాడు నీ నాయకుడు. ఆ పేరా మళ్ళీ రాసి పంపు.