స్లైడులో 400, పీసీఆర్‌లో 1,900: ఫాల్సిపేరం లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

మందస కొండ ఊళ్ల నుంచి శ్రీకాకుళం ల్యాబుకు వచ్చిన రక్తంలో, మైక్రోస్కోపు స్లైడు మీద మైక్రోలీటరుకు 400 ఫాల్సిపేరం మలేరియా పరాన్నజీవులు, క్యూపీసీఆర్‌లో (డీఎన్ఏను పెంచుతూ లెక్కించే పరీక్షలో) 1,900 కనిపించాయని మీరు అన్నారు. ఆ పరీక్షను పరాన్నజీవి 18ఎస్ జన్యువు మీద, ప్లాస్మిడ్ స్టాండర్డుతో (ఆ జన్యువును చేర్చిన, కాపీల సంఖ్య తెలిసిన వృత్తాకార డీఎన్ఏతో పోల్చి) చేశామని, ఏది నమ్మాలని అడిగారు. ముందు ఆ ప్లాస్మిడ్ సంగతి చూడండి.

ఆ స్టాండర్డు పలుచనలతో గీసే ప్లాస్మిడ్ కర్వ్ చెప్పేది జన్యు కాపీల సంఖ్య. పరాన్నజీవుల సంఖ్య కాదు. ఫాల్సిపేరం జీనోమ్‌లో 18ఎస్ జన్యువు 5 నుంచి 8 చోట్ల ఉంటుంది. మీ ప్రైమర్లు (జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలు) వాటిలో ఎన్నింటిని పట్టుకుంటాయో అంతతో భాగించాలి. 1,900ని 5తో భాగిస్తే 380, అంటే దాదాపు మీ స్లైడు లెక్కే. ఈ భాగహారం తప్పిపోయిందనే నా అనుమానం.

భాగించాకే 1,900 వచ్చిందంటే రక్తం కొలత సరిచూడండి. 200 మైక్రోలీటర్ల రక్తం నుంచి తీసిన డీఎన్ఏను 100 మైక్రోలీటర్ల బఫర్‌లోకి దింపి, అందులో 5 మైక్రోలీటర్లు ట్యూబులో వేస్తే, ఆ ట్యూబులో ఉన్నది 10 మైక్రోలీటర్ల రక్తానికి సరిపడా డీఎన్ఏ. ట్యూబు లెక్కను 10తో భాగించాలి. ఫిల్టర్ కాగితం మీద ఎండిన చుక్క అయితే 3 మిల్లీమీటర్ల ముక్కకు సుమారు 3 మైక్రోలీటర్ల రక్తమే.

ఇంకో సంగతి: మీ తేడా మొత్తం రెండుంబావు పీసీఆర్ సైకిళ్లే (ఒక్కో సైకిల్లో డీఎన్ఏ రెట్టింపవుతుంది). కర్వ్ కోసం స్టాండర్డుతో పదింతల పలుచనలు చేసేటప్పుడు పైన ఒక్క పిపెట్ తప్పు పడితే, అది కింది ట్యూబులన్నిటికీ పాకుతుంది. కర్వ్ వాలు మాత్రం చక్కగా -3.32 దగ్గరే కనిపిస్తుంది కాబట్టి తప్పు బయటపడదు. వాలు -3.1, -3.6 మధ్య ఉందంటే రెట్టింపు బాగా జరుగుతోందని మాత్రమే అర్థం, సంఖ్య సరైనదని కాదు. చుట్టచుట్టుకున్న వృత్తాకార ప్లాస్మిడ్ ఆలస్యంగా పెరిగి, నమూనాలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎంజైముతో కోసి వాడండి.

నన్నడిగితే ప్లాస్మిడ్‌ని పక్కన పెట్టమంటాను. 3డీ7 (ల్యాబుల్లో పెంచే ఫాల్సిపేరం రకం) కల్చర్‌ను 5 శాతం సార్బిటాల్‌తో రింగు దశకు (రక్తకణంలో పరాన్నజీవి తొలి దశకు) తెచ్చి, లెక్కపెట్టి, మలేరియా లేని రక్తంలో కలిపి, నమూనాలతో పాటే డీఎన్ఏ తీయండి. అప్పుడు తీతలో పోయే భాగం రెండు వైపులా సమానమవుతుంది. షైజాంట్లు (విభజన చెందుతున్న ముదిరిన దశ) మిగలనివ్వకండి, ఒక్కోదానిలో 16కు పైగా కేంద్రకాలు ఉండొచ్చు. కల్చర్ సదుపాయం లేకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫాల్సిపేరం డీఎన్ఏ స్టాండర్డు, కోడ్ 04/176, ఉంది.

స్లైడునూ గుడ్డిగా నమ్మొద్దు. 200 తెల్ల కణాలకు 10 పరాన్నజీవులు, మైక్రోలీటరుకు తెల్ల కణాలు 8,000 అనుకుంటే 400 వచ్చింది, అంతేగా? 10 అనేది చిన్న లెక్క. అదే రక్తంలో ఇంకోసారి 5 రావచ్చు, 17 రావచ్చు. 200 కణాలకు 100 కంటే తక్కువ కనిపిస్తే 500 కణాల దాకా లెక్కపెట్టాలి. మలేరియాలో తెల్ల కణాలు తగ్గడం మామూలే, అందుకే అదే రక్తానికి కౌంట్ చేయించి 8,000 బదులు ఆ అంకె వేయండి. గామెటోసైట్లను (దోమకు సోకే లైంగిక దశను) స్లైడులో వేరుగా రాస్తారు, పీసీఆర్ వాటినీ కలిపేస్తుంది. చికిత్స మొదలైన రోగి అయితే ఇది గట్టి తేడానే తెస్తుంది.

రక్తం ఊదా మూత ఈడీటీఏ గొట్టంలోనే తీయండి. హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. అడ్డంకి ఉందో లేదో తెలియాలంటే డీఎన్ఏను పదింతలు పలుచన చేసి చూడండి: సీటీ (సంకేతం కనిపించే సైకిల్ సంఖ్య) 3.3 పెరగాలి. అంతకంటే తక్కువ పెరిగితే అడ్డంకి ఉన్నట్టే. కాగితపు చుక్కల విషయంలో వానాకాలం మన తీరపు తేమ పెద్ద శత్రువు. పూర్తిగా ఆరకముందే సంచిలో వేస్తే బూజు పట్టి డీఎన్ఏ చెడుతుంది. ఆరాక సిలికా జెల్ వేసి మూయండి, గులాబీ రంగుకు తిరిగిన పొట్లాన్ని మార్చండి.

ఈ నమూనాను మూడు ట్యూబుల్లో మళ్లీ నడపండి, నీళ్ల కంట్రోల్ మరవకండి. 400 దగ్గర మూడూ అర సైకిల్ లోపే కలవాలి. కలవకపోతే మీ పిపెట్‌ను కాలిబ్రేషన్‌కు పంపండి.