అమెరికాలో ఫెడరల్ జిల్లా జడ్జి కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

మీరు ఎల్ఎల్‌బీ చివరి ఏడాదిలో ఉన్నానని, మన జూనియర్ సివిల్ జడ్జి పరీక్షలాంటిది అక్కడ కూడా ఉందా అని అడిగారు. లేదండి. మన దగ్గర నోటిఫికేషన్ పడుతుంది, రాతపరీక్ష, వైవా అని ఒక వరుస ఉంటుంది. అక్కడ ఫెడరల్ జిల్లా కోర్టుకి (అంటే కేంద్ర స్థాయి కేసులు మొదట విచారించే కోర్టుకి) అలాంటిదేమీ లేదు. వయసు, చదువు, ప్రాక్టీసు అంటూ రాజ్యాంగంలో ఒక్క అర్హతా రాయలేదు. లా డిగ్రీ ఉండాలని కూడా లేదు (లేనివాళ్లని ఈ రోజుల్లో ఎవరు నామినేట్ చేస్తారులెండి). అధ్యక్షుడు నామినేట్ చేయాలి, సెనేట్ ఓటేయాలి.

దీని వెనక నడిచే తతంగం నేను కొంత దగ్గర్నుంచి చూశాను. గుంటూరులో కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి, న్యూజెర్సీ వచ్చాక ఒక లా ఫర్మ్‌లో పారాలీగల్‌గా, అంటే లాయర్లకి సహాయకుడి ఉద్యోగంలో, చేరాను. అక్కడి సీనియర్ పార్ట్‌నర్ ఒకాయన జడ్జి ఖాళీకి అప్లై చేశారు. అప్లికేషన్ వెళ్లింది కోర్టుకి కాదు, వైట్‌హౌస్‌కీ కాదు, ఆ రాష్ట్రం తరఫున అమెరికా సెనేట్‌లో ఉండే సెనేటర్ ఆఫీసుకి. ఎందుకంటే నామినేషన్ వచ్చాక సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ఆ రాష్ట్రపు ఇద్దరు సెనేటర్లకీ ఒక నీలం కాగితం పంపుతుంది. వాళ్లు సరేనని తిప్పి పంపకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఇది చట్టం కాదు, సుమారు వందేళ్ల ఆనవాయితీ. పై అప్పీల్ కోర్టుల విషయంలో 2018 నుంచి దాన్ని పక్కన పెట్టేశారు, జిల్లా కోర్టులకి మాత్రం ఇంకా నడుస్తోంది.

ఆయన ఫారం నింపే పని నా నెత్తిన పడింది. సెనేటర్ ఆఫీసు ఇచ్చే ఆ ఫారం కూడా సెనేట్ కమిటీ ఫారం పద్ధతిలోనే ఉంటుంది. మీరు స్వయంగా నడిపిన ముఖ్యమైన కేసులు 10 చెప్పమంటుంది. కేసు పేరు, కోర్టు, జడ్జి, అందులో మీరేం చేశారు, ఇవన్నీ సరే. అవతలి పక్షం లాయరు పేరు, ఫోన్ నంబరు కూడా ఇవ్వాలి! అంటే మీరు ఓడించినవాళ్లకే ఫోన్ చేసి మీరెలాంటివారో కనుక్కుంటారన్నమాట. పాత కేసుల్లో లాయర్ల కోసం వెతికితే ఒకరి ఫర్మ్ మూతపడింది, ఇంకొకరు చనిపోయారు. ఎప్పుడో ఏదో క్లబ్బులో ఇచ్చిన ఉపన్యాసం కూడా రాయాలి, కాగితం దొరక్కపోతే ఏ విషయం మీద మాట్లాడారో రాయాలి. అంత చేసినా ఇంటర్వ్యూ దాటి ఆయన పేరు పైకి వెళ్లలేదు. ఎందుకని ఎవరూ చెప్పరు, అడిగే పద్ధతీ లేదు.

డబ్బు కోసం ఎవరూ దీనికి రారు. 2025లో జిల్లా జడ్జి జీతం 2,47,400 డాలర్లు, పెద్ద ఫర్మ్ పార్ట్‌నర్లకి అంతకు మించే వస్తుంది. కానీ ఆ కుర్చీ జీవితాంతం ఉంటుంది, జీతం తగ్గించకూడదు, అభిశంసన తప్ప తీసేసే మార్గం లేదు. ఇన్నేళ్ల చరిత్రలో సెనేట్ అలా తీసేసిన ఫెడరల్ జడ్జీలు 8 మందే.

ఎలాంటివాళ్లు అవుతారంటే, గూగుల్ సెర్చ్ గుత్తాధిపత్యం కేసులో 2024 ఆగస్టులో తీర్పిచ్చిన అమిత్ మెహతాని చూడండి. గుజరాత్‌లోని పాటన్‌లో పుట్టారు. అప్పీల్ కోర్టు జడ్జి దగ్గర లా క్లర్క్ (తీర్పుల పనిలో జడ్జికి సాయపడే యువ లాయరు), తర్వాత ప్రైవేటు ఫర్మ్, మధ్యలో పేద ముద్దాయిల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసు. 2014లో ఒబామా నామినేట్ చేశారు. వాషింగ్టన్ డీసీకి సెనేటర్లే లేరు కాబట్టి ఆయనకి నీలం కాగితం టెన్షన్ లేదు! అమూల్ థాపర్‌ది ఇంకో దారి: కెంటకీలో ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా ఉండి 2008లో అక్కడే జడ్జి అయ్యారు.

సెనేటర్లతో పని లేని చిన్న తలుపు ఒకటుంది, మేజిస్ట్రేట్ జడ్జి, అంటే అదే జిల్లా కోర్టులో జిల్లా జడ్జి కింద పనిచేసే జడ్జి. వీళ్లని జిల్లా జడ్జీలే 8 ఏళ్లకి నియమిస్తారు, ఖాళీ పడితే ప్రకటన ఇస్తారు, బార్‌లో కనీసం 5 ఏళ్లు ఉండాలి. సంకేత్ బుల్సారా బ్రూక్లిన్‌లో ఇలాగే 2017లో మేజిస్ట్రేట్ అయ్యి, 2024లో జిల్లా జడ్జి అయ్యారు. మీకు నా సలహా ఈ దారే. ముందు ఎల్ఎల్ఎం, న్యూయార్క్ బార్ చూసుకోండి. ఈలోగా, నామినేట్ అయినవాళ్లు నింపిన ఫారాలు జ్యుడీషియరీ కమిటీ వెబ్‌సైట్లో ఉంటాయి, బుల్సారాది తీసి ఆ 10 కేసుల భాగం చదవండి.