స్థలం ఎక్కడుందో ఇంగ్లీషులో అడగడం, చెప్పడం ఎలా?

నల్గొండలో కొత్తగా ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారు బస్టాండు ఎక్కడుందో అడగాలంటే "వేర్ ఈజ్ ద బస్ స్టాండ్?" అంటే చాలు. తెలుగులో "బస్టాండు ఎక్కడ?" అని క్రియ లేకుండానే అడగవచ్చు గాని, ఇంగ్లీషులో "ఈజ్" తప్పనిసరి. మర్యాదగా "కుడ్ యూ టెల్ మీ వేర్ ద బస్ స్టాండ్ ఈజ్?" అన్నప్పుడు ఆ "ఈజ్" చివరికి జరుగుతుంది; చాలామంది తడబడేది ఇక్కడే. మందుల దుకాణం అసలు ఉందో లేదో తెలియనప్పుడు "ఈజ్ దేర్ ఎ మెడికల్ షాప్ నియర్ హియర్?" అనాలి.

జవాబు చెప్పేటప్పుడు క్రమం తిరగబడుతుంది. మనం "బ్యాంకు వెనుక" అంటాము, ఇంగ్లీషులో వెనుక అనే మాట ముందొచ్చి "బిహైండ్ ద బ్యాంక్" అవుతుంది. పక్కన అనడానికి "నెక్స్ట్ టు", ఎదురుగా అనడానికి "ఆపోజిట్", రెండింటి మధ్య అనడానికి "బిట్వీన్" వాడాలి. "నియర్" తరువాత మాత్రం "టు" చేర్చకండి: "పిల్లలమర్రి ఈజ్ నియర్ మహబూబ్‌నగర్" సరిపోతుంది. ఊరికి "ఇన్", నది లేదా రోడ్డు మీద ఉన్నదానికి "ఆన్" వస్తాయి కనుక, "నాగార్జున సాగర్ డ్యామ్ ఈజ్ ఆన్ ద కృష్ణా రివర్" అంటారు.