పక్కింటాయన మా సందులో పరంజా వేసుకుంటానంటున్నారు, సంతకం పెట్టవచ్చా?

ప్రశ్న: తెనాలిలో మా నాన్నగారు కట్టిన ఇల్లు మాది. ఉత్తరం వైపు నాలుగడుగుల సందు ఉంది. దాన్ని ఆనుకుని పక్కింటాయన గోడ. అది పెచ్చులూడుతోందని, మా సందులో పరంజా వేసుకుని ప్లాస్టరింగ్ చేయించుకుంటానంటున్నారు. నాన్నగారు బతికుండగా రెండుసార్లు రానిచ్చారు. మా చెల్లి పెళ్లి నాడు పందిరి విషయంలో వాళ్లు అన్న మాటలు అమ్మ ఇప్పటికీ తలుచుకుని ఏడుస్తుంది. పైగా ఆయన ‘22 ఏళ్లుగా వస్తున్నాం, అది మా హక్కు’ అంటున్నారు. మరమ్మతులకు ఎప్పుడైనా మా సందులోకి రావచ్చని వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి తెచ్చారు. సంతకం పెడితే 20 వేలు ఇస్తారట. గొడవ వదిలిపోతుంది కదా, పెట్టేయమంటారా? సందు మాదేనని నాన్నగారు అనేవారు. దస్తావేజు బ్యాంకులో తాకట్టులో ఉంది, నేను చదవలేదు.

జవాబు: పెట్టకండి. ఆ కాగితం రిజిస్టరు కాకపోయినా, రేపు దావాలో ‘వీళ్లే ఒప్పుకున్నారు’ అని మీ సంతకాన్నే చూపిస్తారు. 20 వేలకు మీరు ఇచ్చేది పది రోజుల పనికి దారి కాదు, ‘ఎప్పుడైనా’ అన్న మాట. ఇల్లు అమ్మబోయినప్పుడు కొనేవాడు మొదట అడిగేది దాని గురించే.

పెళ్లి నాటి మాటలు కోర్టు అడగదు. అడిగేది ఒక్కటే: ఆయన మీ స్థలంలోకి మీ అనుమతితో వచ్చారా, తన హక్కుగా వచ్చారా?

గోడ బాగు చేసుకోవాలన్న ఒక్క కారణంతో పొరుగువాడి స్థలంలోకి వచ్చే హక్కు మన చట్టంలో ఎవరికీ లేదు. పొరుగువారి స్థలాన్ని వాడుకునే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 15 ప్రకారం అలాంటి హక్కు అనుభవం వల్ల రావాలంటే 20 ఏళ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆటంకం లేకుండా, ‘ఇది నా హక్కు’ అన్న తీరులో వాడుకుని ఉండాలి. ఆ 20 ఏళ్లు దావాకు ముందు రెండేళ్ల లోపు వరకు సాగి ఉండాలి. అడిగి వచ్చినవాడికి ఎన్నేళ్లయినా హక్కు పుట్టదు. 22 ఏళ్లలో రెండుసార్లు రావడాన్ని ఆటంకం లేని వాడకమని నిరూపించడమూ ఆయనకు తేలిక కాదు. అయితే నాన్నగారిని అడిగే వచ్చారనడానికి మీ దగ్గర ఏముంది? అప్పుడు పని చేసిన మేస్త్రీ, మీ ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఎవరున్నారో ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ఇంకొకటి. దస్తావేజు చదవకుండా సందు మీదేనని ఎలా అంటున్నారు? దస్తావేజులో స్థలం హద్దులు రాసే షెడ్యూలులో ఉత్తరం హద్దు దగ్గర ‘ఉమ్మడి సందు’ అని ఉంటే నేను చెప్పిందంతా మారిపోతుంది. అసలు కాగితం బ్యాంకులో ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ దొరుకుతుంది. అది తీసుకుని, టేపు పెట్టి కొలిపించాకే పక్కింటాయనతో మాట్లాడండి.

సందు మీదేనని తేలితే పని చేసుకోనివ్వండి. ఆ గోడ విరిగితే పడేది మీ సందులోనే. అయితే కాగితం మీరు రాసివ్వకూడదు, ఆయన చేత రాయించుకోవాలి. తెల్ల కాగితం మీద, ఆయన సొంత చేతిరాతతో, మీకు అర్జీలా. ‘ఈ సందు మీది. గతంలో రెండుసార్లు మీ నాన్నగారి అనుమతితోనే వచ్చాం. ఇప్పుడు కూడా మీ అనుమతితోనే వస్తున్నాం, మాకు హక్కు ఏమీ లేదు’ అన్న వాక్యాలు అందులో ఉంటే 22 ఏళ్ల వాదన అక్కడితో సరి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకు, మేస్త్రీతో కలిపి ఇంతమంది అని రాయించండి. కూలీల సంగతి వదలొద్దు. అదే ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 56 ప్రకారం ఒకరికిచ్చిన అనుమతి వాళ్ల పనివాళ్లకు దానంతట అది వర్తించదు. తవ్వకం ఉండదని, మీ గోడకు మేకులు కొట్టరని, రాలిన సిమెంటు ఏ రోజుకారోజు ఎత్తేస్తారని కూడా ఉండాలి. డబ్బు తీసుకుంటే నష్టానికి డిపాజిట్ అని రాసే తీసుకోండి, పని బాగా ముగిస్తే తిరిగివ్వండి. కింద ఇద్దరు సాక్షులు. ఇల్లు ఇంకా నాన్నగారి పేరునే ఉంటే అనుమతి ఇచ్చే సంతకాలు మీరూ, అమ్మగారూ, చెల్లెలూ కలిసి పెట్టండి.

అసలు ప్రమాదం పరంజాతో కాదు, పని ముగిశాక మిగిలిపోయేదానితో. ఇచ్చిన అనుమతి మామూలుగా ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. కానీ ఆ అనుమతిని నమ్ముకుని ఆయన ఖర్చు పెట్టి శాశ్వత నిర్మాణం ఏదైనా చేస్తే ఆ చట్టంలోనే సెక్షన్ 60 రద్దుకు అడ్డుపడుతుంది. పరంజా మీదున్న మేస్త్రీ పనిలో పనిగా వాననీటి పైపు దింపుతాడు, చిన్న సజ్జ పోస్తాడు, వెంటిలేటరు కొడతాడు. ఆ వెంటిలేటరు 20 ఏళ్లుంటే వెలుతురు హక్కు అంటారు. గోడ నిజంగా హద్దు మీదే ఉంటే 15 మిల్లీమీటర్ల పూత కూడా మీ వైపుకే వస్తుంది. అందుకని పాత పూత చెక్కించి, దాని మందం దాటకుండా వేయాలని, పైపు, సజ్జ, కిటికీ ఏవీ పెట్టకూడదని స్పష్టంగా రాయించండి. పని మొదలవక ముందు, ముగిశాక టేపు ఆనించి ఫొటోలు తీయండి. ఆ ఫోన్ మార్చేయకండి, సాక్ష్యంగా పెట్టేటప్పుడు కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 కింద ఫోన్‌లోని ఫొటోలకు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఏదైనా పాడు చేసి వెళితే అక్రమ ప్రవేశానికి నష్టపరిహారం దావా గడువు మూడేళ్లే.

అర్జీ రాయనంటే రానివ్వకండి. అనుమతి లేదని వకీలు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అదే రోజు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో కేవియట్ (మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొద్దని ముందే కోరే అర్జీ) వేయించండి, 90 రోజులు పనిచేస్తుంది. అది ఉంటే ఆయన మీకు తెలియకుండా ఇంజంక్షన్ (అడ్డుకోవద్దన్న) ఆర్డరు తెచ్చుకోలేరు. కాదని బలవంతంగా వస్తే ఆయన్ను రానివ్వొద్దని మీరే ఇంజంక్షన్ దావా వేయండి. కట్టిన కర్రలు మాత్రం మీ చేత్తో పీకకండి, కూలీలు పైనుండగా గేటుకు తాళం వేయకండి. ఆ క్షణం నుంచి కేసు మీ మీదకు తిరుగుతుంది.