ఎనిమిదేళ్లయినా కొత్తవారి లెక్కలేనా?

ప్రశ్న: రెండేళ్ల కాంట్రాక్టు మీద విదేశానికి వచ్చాను. ఎనిమిదేళ్లయింది, ఇంకా ఇక్కడే ఉన్నాను. నా భార్య కూడా ఇక్కడే ఉద్యోగం చేస్తోంది. పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఆరేళ్లు, స్కూలుకి వెళ్తోంది. మొదటి నెల నుంచీ జీతంలో సగానికి పైగా స్వదేశానికి పంపి డిపాజిట్లలో, స్థలాల్లో పెడుతున్నాను. ఇక్కడి బ్యాంకులో ఒక నెల ఖర్చుకు మించి ఎప్పుడూ ఉంచలేదు. కంపెనీ పెన్షన్‌లో చేరమని అడిగితే, ఎలాగూ వెళ్లిపోతాం కదా అని చేరలేదు. ఈ మధ్య ఒక సహోద్యోగి, "నువ్వింకా నిన్నో మొన్నో వచ్చినవాడిలా బతుకుతున్నావు" అన్నాడు. అప్పటినుంచి మనసులో అదే తిరుగుతోంది. డబ్బు విషయంలో నేను ఎప్పటినుంచి కొత్తవాణ్ని కాదని అనుకోవాలి? తిరిగి వెళ్తామా అంటే, వెళ్తామనీ చెప్పలేను, వెళ్లమనీ చెప్పలేను.

జవాబు: వెళ్తారో లేదో ఇప్పుడే తేల్చుకోమని నేను అడగను. అది తేలేదాకా డబ్బు సంగతి పక్కన పెడదాం అనుకోవడం వల్లే ఎనిమిదేళ్లు గడిచాయి. దానికంటే చిన్న ప్రశ్న ఒకటుంది, దానికి మీ దగ్గర జవాబు కూడా ఉంది. రేపు పొద్దున మీ ఉద్యోగం పోయిందనుకోండి. మీరు మొదట చేసే పని టికెట్లు చూడటమా, అదే ఊళ్లో ఇంకో ఉద్యోగం వెతకడమా?

మీ భార్యకి అక్కడ ఉద్యోగం ఉంది, పాప చదువు మధ్యలో ఉంది. మీరు ఇంకో ఉద్యోగమే వెతుకుతారు. అంటే ఆ నాలుగైదు నెలల అద్దె, బిల్లులు, స్కూలు ఖర్చు అన్నీ ఆ దేశపు కరెన్సీలోనే కట్టాలి. ఈ ప్రశ్నకు జవాబు "ఇక్కడే వెతుకుతాను" అయిన రోజునే, డబ్బు లెక్కలో మీరు కొత్తవారు కాకుండా పోయారు. మీ విషయంలో అది జరిగి ఏళ్లయిందని నాకనిపిస్తోంది. పాస్‌పోర్టు మారడానికీ, మనసు కుదుటపడటానికీ దీనితో సంబంధం లేదు.

మొదట్లో మీరు చేసింది తప్పు కాదు. వీసా ఒక్క యజమాని చేతిలో ఉన్నప్పుడు, రెండేళ్ల తర్వాత ఏమవుతుందో తెలియనప్పుడు, డబ్బు స్వదేశంలో ఉంచుకోవడం జాగ్రత్తే. తర్వాత మీ జీవితం మారింది, డబ్బు అలవాటు మాత్రం మారలేదు. ఈ రోజు మీ కుటుంబం మీ జీతం ఆగితే స్వదేశంలోని డిపాజిట్లు తీయాల్సిన, అవి చాలకపోతే స్థలం అమ్ముకోవాల్సిన స్థితిలో ఉంది. దూరం నుంచి, తొందరలో, అప్పుడున్న ఎక్స్ఛేంజ్ రేటుకి స్థలం అమ్మడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇక మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి, నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది అదే. మీరు ఎలా అనుకున్నా, మీరుంటున్న దేశపు చట్టం తన లెక్క తాను వేసుకుంటూనే ఉంటుంది. కొత్తగా వచ్చినవారికి చాలా దేశాలు పన్నులో కొంత వెసులుబాటు ఇస్తాయి. ఆ గడువు అయిపోయిందని ఎవరూ తలుపు తట్టి చెప్పరు. మీరు దేశం పేరు రాయలేదు కాబట్టి కొన్ని దేశాల లెక్కలు చెబుతాను, మీది చూసుకోండి.

జపాన్‌లో విదేశీయులు గత 10 ఏళ్లలో మొత్తం 5 ఏళ్లు, లేదా అంతకంటే తక్కువ ఉంటే, బయటి దేశాల్లో వచ్చే వడ్డీ, అద్దె లాంటి ఆదాయాన్ని జపాన్‌కి తెచ్చుకుంటేనే పన్ను. 5 ఏళ్లు దాటాక తెచ్చుకున్నా తెచ్చుకోకపోయినా పన్ను లెక్కలోకి వస్తుంది. మీరు అక్కడ ఉంటే ఆ గీత దాటి మూడేళ్లయినట్టు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ 6 నుంచి పద్ధతి మారింది. అక్కడికి రాకముందు వరసగా 10 ఏళ్లు బ్రిటన్ రెసిడెంట్ (పన్ను లెక్కలో అక్కడి నివాసి) కాని వారికి, వచ్చిన మొదటి 4 పన్ను సంవత్సరాలు మాత్రమే విదేశీ ఆదాయం మీద మినహాయింపు కోరే అవకాశం ఉంది. అమెరికాలో ట్యాక్స్ రెసిడెంట్ అయ్యాక ఇలాంటి గడువేమీ లేదు, ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపాలి. పైగా బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విడిగా రిపోర్టు ఇవ్వాలి. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి విదేశీ పెట్టుబడుల ఆదాయం మీద చాలావరకు మినహాయింపు ఉంటుంది. పర్మనెంట్ రెసిడెన్సీ రాగానే అది పోతుంది. మీ జీవిత భాగస్వామి అక్కడి పౌరులైనా, పర్మనెంట్ రెసిడెంట్ అయినా కూడా పోతుంది, మీ వీసా ఇంకా తాత్కాలికమే అయినా సరే.

కాబట్టి స్వదేశంలోని డిపాజిట్ల వడ్డీని మీరుంటున్న దేశంలో ఏ ఏడాది నుంచి చూపించాలో వెంటనే కనుక్కోండి. రెండు దేశాల మధ్య డబుల్ ట్యాక్సేషన్ ఒప్పందం ఉంటే ఒకచోట కట్టిన పన్నుకు రెండోచోట క్రెడిట్, అంటే ఆ మేరకు తగ్గింపు, దొరకవచ్చు. క్రెడిట్ వస్తుంది కదా అని చూపించడం మానేయకూడదు. ఇన్నేళ్లూ చూపించకపోయి ఉంటే, వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే సరిచేసుకోవడం మేలు. చాలా దేశాల్లో తమంతట తాము వచ్చి చెప్పినవారికి జరిమానా తక్కువ.

కొన్ని లెక్కలు తిరిగి వెళ్లేవారికి ఎదురొస్తాయి. అమెరికాలో గత 15 పన్ను సంవత్సరాల్లో కనీసం 8 ఏళ్లు గ్రీన్ కార్డు ఉన్నవారు దాన్ని వదులుకుంటే, ఆస్తి స్థాయిని బట్టి ఎగ్జిట్ ట్యాక్స్ (వదిలి వెళ్లేటప్పుడు ఆస్తులన్నీ అమ్మినట్టు లెక్కగట్టి వేసే పన్ను) పరిధిలోకి రావచ్చు. ఏడాదిలో కొన్ని రోజులే కార్డు ఉన్నా అది పూర్తి ఏడాదిగానే లెక్క. బ్రిటన్‌లో గత 20 పన్ను సంవత్సరాల్లో 10 ఏళ్లు రెసిడెంట్‌గా ఉన్నవారికి, స్వదేశంలోని స్థలాలు సహా ప్రపంచంలోని ఆస్తి మొత్తం వారసత్వ పన్ను పరిధిలోకి వస్తుంది. ఆ పన్ను 3,25,000 పౌండ్ల పరిమితి దాటిన విలువ మీద సాధారణంగా 40 శాతం. దేశం వదిలాక కూడా కనీసం 3 ఏళ్లు అది వెంట వస్తుంది. ఎనిమిదేళ్లు నిండిన మీకు అక్కడైతే రెండేళ్ల సమయం ఉంది. ఆలోచించుకోవడానికి అది చాలినంత సమయమే, వాయిదా వేయడానికి మాత్రం కాదు.

పెన్షన్ విషయంలో ఇదే కాలం మీకు అనుకూలంగా పనిచేస్తుంది. కంపెనీ పెన్షన్ సంగతి తర్వాత చెబుతాను, ముందు ప్రభుత్వ పెన్షన్ చూడండి. దానికి మీ జీతంలోంచి ఇప్పటికే కోత పడుతూ ఉండవచ్చు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్‌కు 40 క్రెడిట్లు (సంపాదనను బట్టి వచ్చే పాయింట్లు) కావాలి, ఏడాదికి 4కి మించి రావు, అంటే కనీసం 10 ఏళ్లు. బ్రిటన్ కొత్త స్టేట్ పెన్షన్‌కు సాధారణంగా కనీసం 10 అర్హత సంవత్సరాలు (చందా లెక్కలోకి వచ్చే ఏళ్లు), పూర్తి మొత్తానికి 35. జర్మనీలో 60 నెలల చందా నిండితే చాలు. కెనడాలో ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ అనే వృద్ధాప్య పెన్షన్‌కు 18 ఏళ్లు నిండాక కనీసం 10 ఏళ్లు ఆ దేశంలో నివసించాలి, వేరే దేశానికి వెళ్లిపోయాక కూడా అందుకోవాలంటే 20 ఏళ్లు. కొన్ని దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందాలు ఉంటాయి, అవి ఉంటే రెండుచోట్ల పనిచేసిన కాలాన్ని కలిపి చూస్తారు.

ఇది తెలియక తొమ్మిదో ఏట సామాను సర్దుకునేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకొక్క ఏడాది ఉంటే జీవితాంతం వచ్చే పెన్షన్‌ని చూసుకోకుండా వదిలేస్తారు. పెన్షన్ కోసమే ఉండిపొమ్మని చెప్పడం లేదు. వెళ్లాలనుకుంటే ఏ నెల దాటాక వెళ్లాలో తెలుసుకుని వెళ్లండి. మీ భార్య లెక్క మీ లెక్కతో కలవదు, ఆమెది విడిగా చూడండి.

గల్ఫ్ దేశాల్లో ఉంటే ఈ కథంతా మారిపోతుంది. అక్కడ ముప్పై ఏళ్లున్నా చాలామంది విదేశీయులు చట్టం దృష్టిలో తాత్కాలికమే. ఉదాహరణకి యూఏఈలో సాధారణంగా ప్రభుత్వ పెన్షన్ బదులు ఉద్యోగం వదిలేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. అలాంటిచోట పొదుపులో పెద్ద భాగం బయట ఉంచడమే సరైనది. అత్యవసరానికి డబ్బు మాత్రం అక్కడ కూడా చేతికందేలా ఉండాలి.

ఇప్పుడు మీరు చేయాల్సినవి. ఆరు నెలల ఇంటి ఖర్చు అక్కడి బ్యాంకులో, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా చేరేదాకా, పొదుపు కోసం స్వదేశానికి పంపడం ఆపండి. పెద్దవాళ్ల ఖర్చులకు పంపేది ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది బాధ్యత, పొదుపు కాదు. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకే మొత్తంగా వెళ్లి ఉంటే ఇక విడదీయండి. ఆ వెంటనే కంపెనీ పెన్షన్‌లో చేరండి. మీరు కట్టినదానికి కంపెనీ కూడా కొంత కలుపుతుంటే, చేరకపోవడం జీతంలో కొంత వద్దనడమే. వెళ్లిపోయినా ఆ డబ్బు సాధారణంగా మీదే. కంపెనీ వాటా దక్కాలంటే ఎన్నాళ్లు పనిచేయాలో, ఎప్పుడు తీసుకోవచ్చో, ఎంత పన్ను పడుతుందో మాత్రం ముందే అడగండి.

కొత్త స్థలాలు కొనకండి. రాబోయే పదేళ్లలో కచ్చితంగా వచ్చే ఖర్చులకు, ముఖ్యంగా పాప చదువుకి, డబ్బు ఆ దేశపు కరెన్సీలోనే పోగేయండి. రిటైర్‌మెంట్ ఎక్కడో తేలలేదు కాబట్టి, తేలేదాకా కొత్తగా పెట్టేదాన్ని రెండు కరెన్సీల్లో చెరిసగం పెట్టండి. ఏ దేశంలో ఉన్నా అమ్ముకోగలిగే, తక్కువ ఖర్చున్న ఇండెక్స్ ఫండ్లు (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే ఫండ్లు) దీనికి స్థలాలకంటే చాలా నయం. మీరుంటున్న దేశం విదేశీ ఫండ్ల మీద పన్ను ఎలా వేస్తుందో చూశాకే ఎంచుకోండి. అమెరికాలో ఉండి వేరే దేశపు మ్యూచువల్ ఫండ్లు కొంటే పన్ను చాలా ఎక్కువ పడవచ్చు.

ఇల్లు కొంటేనే అక్కడివారైనట్టు అని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. శాశ్వతంగా ఉండే హక్కు, ఆ ఊళ్లోనే కనీసం ఐదేళ్లు ఉంటామన్న నమ్మకం, డౌన్ పేమెంట్ కట్టాక కూడా ఆ ఆరు నెలల డబ్బు మిగలడం, ఈ మూడూ ఉంటేనే కొనండి. ఏదో ఒకటి లేకపోతే అద్దెకే ఉండండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. మీకేమైనా అయితే మీ భార్య, పాప అక్కడే ఉంటారా అని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఉంటారంటే పాలసీ కూడా ఆ కరెన్సీలోనే, అక్కడి ఖర్చులకు సరిపడా ఉండాలి. ఆమెకు సొంత ఖాతా, మీ మీద ఆధారపడని వీసా ఉన్నాయో లేదో చూడండి. వీలునామా రెండు దేశాల ఆస్తులకీ విడివిడిగా రాయించుకోవచ్చు. కాకపోతే రెండోది రాసేటప్పుడు మొదటిది రద్దు కాకుండా లాయరుకి ముందే చెప్పాలి.

చివరగా పాప గురించి. మీకు స్వదేశం తిరిగి వెళ్లే చోటు. తనకి అది కొత్తగా వెళ్లే చోటు. పదిహేనో ఏట తీసుకెళ్తే సిలబస్ మారుతుంది, స్నేహితులు మారతారు, అప్పుడు కొత్తగా వచ్చిన మనిషి తనే. ఫీజుల ఖర్చు కూడా అప్పుడే ఎక్కువగా పడుతుంది. అందుకే వెళ్లాలా వద్దా అన్నది తనకు పదేళ్లు వచ్చేలోపు తేల్చుకోమంటాను. అంటే మీకు నాలుగేళ్లుంది. ఈలోపు పైన చెప్పినవన్నీ చేసి ఉంచితే, ఉన్నా వెళ్లినా అవేవీ వృథా కావు.

ఈ వారం మూడు కాగితాలు సిద్ధం చేసుకోండి: మీ ఇద్దరి ప్రభుత్వ పెన్షన్ చందాల స్టేట్‌మెంటు, ఆ దేశంలో మీరు నివసించిన తేదీల వివరం, స్వదేశంలోని డిపాజిట్లు, స్థలాల జాబితా. రెండు దేశాల పన్నులూ తెలిసిన ట్యాక్స్ సలహాదారుకి వాటిని చూపించండి. ఆయన్ని కలిసేదాకా స్వదేశంలోని ఆస్తి ఏదీ అమ్మకండి, ఎవరి పేరు మీదకీ మార్చకండి. ఆ తర్వాత దేశం పేరు, వీసా రకం రాసి పంపితే, మీ అంకెలతోనే కలిసి లెక్క వేద్దాం.